పాత మ్యూజిక్ ప్లేయర్‌ని కొత్త ల్యాప్‌టాప్ గుర్తుపట్టడం లేదు. బాగుచేసుకోవాలా, పారేయాలా?

మీరు అడిగింది ఇదీ: సొరుగులో పాత మ్యూజిక్ ప్లేయర్ దొరికింది, కొత్త ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే ఛార్జ్ ఎక్కుతోంది గానీ కంప్యూటర్‌లో ఎక్కడా కనబడటం లేదు, దాన్ని ఉంచుకోవాలా పారేయాలా అని. పారేయకండి. ఫోన్ ఉండగా అదెందుకు అని మీకు పదిమంది చెబుతారు, పట్టించుకోకండి. పాట వింటుండగా మధ్యలో మెసేజ్ రాని వస్తువు ఈ రోజుల్లో అదొక్కటే.

ఇలాంటివి ఇంట్లోవాళ్లవీ స్నేహితులవీ చాలానే బాగుచేశాను. నాకు తెలిసి చాలాసార్లు ప్లేయర్ బాగానే ఉంటుంది. దానికీ కంప్యూటర్‌కీ మధ్య ఉన్న సాఫ్ట్‌వేర్ చచ్చిపోతుంది. ఆ మధ్యవర్తిని పక్కకి తప్పించి, ప్లేయర్‌ని మామూలు పెన్ డ్రైవ్‌లా తెరుచుకునేలా చేసుకుంటే ఇక ఏ కంప్యూటర్ వచ్చినా భయం లేదు. నా జవాబు మొత్తం ఇంతే. కానీ అక్కడిదాకా వెళ్లడానికి కొన్ని గుమ్మాలు దాటాలి.

మొదటి గుమ్మం కేబుల్. ‘ఛార్జ్ ఎక్కుతోంది గానీ కనబడటం లేదు’ అన్నారంటే నేను ముందు అనుమానించేది దాన్నే. యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో ముఖ్యంగా నాలుగు తీగలుంటాయి, రెండు కరెంటుకి, రెండు డేటాకి. ఏ టేబుల్ లైటుతోనో, బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తోనో వచ్చే కొన్ని చౌక కేబుళ్లలో డేటా తీగలే వేయరు. పైకి చూస్తే ఏ తేడా ఉండదు. ఆ కేబుల్ మీద ‘ఛార్జింగ్‌కి మాత్రమే’ అని ఒక్క ముక్క ముద్రించడానికి వాళ్లకేం అడ్డొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దీనివల్ల ఎంతమంది మంచి వస్తువుల్ని చెత్తలో వేసి ఉంటారో! కాబట్టి ముందు డేటా వెళ్తుందని ఖాయంగా తెలిసిన కేబుల్‌తో చూడండి. అప్పుడూ కనబడకపోతే మధ్యలో ఒక పాత యూఎస్‌బీ 2.0 హబ్ (ఒక పోర్టుని నాలుగైదు పోర్టులుగా చేసే డబ్బా) పెట్టి చూడండి. కొత్త పోర్టులతో సరిగ్గా మాట్లాడని పాత పరికరాలు కొన్ని హబ్ ద్వారా బుద్ధిగా పలుకుతాయి.

మీది యాపిల్ కంపెనీ ఐపాడ్, అందులోనూ మరీ పాతది అయితే ఇంకో చిక్కు ఉంది. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్ 5 జీబీది, యాపిల్ వాళ్ల మ్యాక్ కంప్యూటర్‌తో మాత్రమే పనిచేసేది, దానికి ఫైర్‌వైర్ (యూఎస్‌బీలాంటిదే, ఇంకో రకం పోర్టు) తప్ప వేరే దారి లేదు. 2003లో వచ్చిన మూడో తరం యూఎస్‌బీ మీద పాటలు ఎక్కించుకుంటుంది గానీ ఛార్జ్ మాత్రం ఫైర్‌వైర్ మీదే అవుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టు లేదు, 2025లో వచ్చిన మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ మ్యాక్‌ఓఎస్ టాహోలో ఫైర్‌వైర్‌కి మద్దతే తీసేశారు. అలాంటిదైతే ఛార్జింగ్‌కి పాత ఫైర్‌వైర్ అడాప్టర్ వెతుక్కోవాల్సిందే. ఆ తర్వాత తరాలకి ఈ బాధ లేదు.

ఇక మా అక్క ఐపాడ్ సంగతి. 2005లో వచ్చిన వీడియో ఆడే రకం, 30 జీబీది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసులో ఉన్న మ్యాక్‌తో పాటలు ఎక్కించుకునేది. ఆ ఆఫీసూ లేదు, ఆ మ్యాకూ లేదు. ఇప్పుడు ఇంట్లో ఉన్నది విండోస్ 11 ల్యాప్‌టాప్. ఐపాడ్ తగిలించగానే లోపల డిస్క్ తిరగడం మొదలైంది. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా ‘జుయ్’మని వినిపిస్తుంది, ఒక లయలో ఉంటుంది, టకటకమని కొట్టుకోదు. అది వినగానే నాకు సగం ధైర్యం వచ్చింది. ఇంతలో స్క్రీన్ మీద పెట్టె ఒకటి తెరుచుకుంది: ఈ డిస్క్‌ని వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? అక్క మౌస్ తిన్నగా ఫార్మాట్ బటన్ మీదికి వెళ్తోంది. చెయ్యి పట్టుకుని ఆపాను.

ఆ మెసేజ్ చూసి డిస్క్ పాడైందనుకుంటారు అందరూ. కానే కాదు. మ్యాక్‌లో సిద్ధం చేసిన ఐపాడ్ డిస్క్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతిలో ఉంటుంది, విండోస్‌కి అది చదవడం రాదు. విండోస్‌లో సిద్ధం చేసినదైతే ఫ్యాట్32లో ఉంటుంది, దాన్ని మ్యాక్ కూడా చదువుతుంది. అంతే తేడా. ‘ఫార్మాట్ చేయమంటారా’ అంటే ‘నాకు ఈ భాష రాదు, మొత్తం చెరిపేసి నాకొచ్చిన భాషలో మొదలుపెట్టనా’ అని అడుగుతున్నట్టు. ఐపాడ్‌లోకి పాటలు ఎక్కించే యాపిల్ ప్రోగ్రామ్ ఐట్యూన్స్ అడిగే ప్రశ్న కూడా అంతే ప్రమాదం: ఈ ఐపాడ్ వేరే లైబ్రరీతో జతపడి ఉంది, చెరిపేసి సింక్ చేయాలా, అంటే ఈ కంప్యూటర్‌లోని పాటలతో నింపాలా అని వస్తుంది. ఎన్నో ఏళ్లుగా పోగేసుకున్న పాటలు ఆ ఒక్క నొక్కుతో పోతాయి. లోపలున్నది బయటికి కాపీ చేసుకునేదాకా ఈ రెండిటికీ వద్దు అనే చెప్పండి.

పాటలేగా, మళ్లీ దొరుకుతాయి కదా అన్నాను అక్కతో. “పాటలు ఎక్కడైనా దొరుకుతాయిరా, వరస దొరకదు” అంది. తనకి కావాల్సింది ప్లేలిస్టులు. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో ఏళ్ల తరబడి కూర్చుకున్నది.

ఇక్కడే అసలు చిక్కు. ఐపాడ్ లోపల పాటలు మామూలు ఫైళ్లుగానే ఉంటాయి, ఐపాడ్ కంట్రోల్ అనే దాచిన ఫోల్డర్‌లో. దాన్ని తెరిస్తే ఎఫ్00, ఎఫ్01 అంటూ వరసగా ఫోల్డర్లు, వాటిలో అర్థంలేని నాలుగక్షరాల పేర్లతో పాటలు. ఏది ఏ పాటో పేరు చూసి చెప్పలేం. అయినా పాట పేరు, గాయకుల పేరు ఫైలు లోపల ట్యాగుల్లో భద్రంగానే ఉంటాయి, కాబట్టి కాపీ చేసుకుంటే ఏ ప్లేయర్ సాఫ్ట్‌వేరైనా వాటిని సరిగ్గానే చూపిస్తుంది. ప్లేలిస్టులు మాత్రం ఆ ఫైళ్లలో ఉండవు. అవి ఐట్యూన్స్‌డీబీ అనే ఒకే ఒక్క డేటాబేస్ ఫైల్లో ఉంటాయి. పాటలన్నీ కాపీ చేసి ఆ ఒక్కటీ వదిలేస్తే వరస పోయినట్టే. పాటల ఫోల్డర్లు మాత్రమే కాకుండా ఐపాడ్ కంట్రోల్ మొత్తాన్ని కాపీ చేసి పెట్టుకోమని నేను చెప్పేది అందుకే.

విండోస్‌కి బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌ని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ల్యాప్‌టాప్‌ని దానిమీంచి ఆన్ చేశాను. ఇలా చేస్తే ల్యాప్‌టాప్‌లోని విండోస్ జోలికి పోనక్కర్లేదు, పెన్ డ్రైవ్ తీసేస్తే ఎప్పటిలాగే ఉంటుంది. మ్యాక్ డిస్క్‌ని లినక్స్ చదువుతుంది. అందులో రిథమ్‌బాక్స్ అనే పాటల ప్రోగ్రామ్ ఉంటుంది, ఐపాడ్ ప్లగిన్ ఆన్ చేస్తే అది ఐట్యూన్స్ డేటాబేస్‌ని కూడా అర్థం చేసుకుంటుంది. ఎడమపక్క పట్టీలో ఐపాడ్ పేరు, దాని కింద ఒక్కొక్కటే ప్లేలిస్టుల పేర్లు వచ్చాయి. ‘లాస్ట్ బస్’, ‘గిన్నెలు తోమేటప్పుడు’, ‘గొడవ తర్వాత’. ఆ మూడోది చూడగానే అక్క ల్యాప్‌టాప్‌ని తనవైపు తిప్పేసుకుంది. ఏ గొడవ అని బావ అడిగారు, అక్క చెప్పలేదు.

ముందు అన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేశాం. తర్వాత అక్క ప్లేలిస్టు పైకి చదువుతుంటే నేను అదే వరసలో ఎం3యూ ఫైళ్లు తయారుచేశాను. ఎం3యూ అంటే గొప్ప విషయమేం కాదు, ఒక్కో లైనులో ఒక్కో పాట ఫైలు ఎక్కడుందో రాసి ఉండే టెక్స్ట్ ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది, నోట్‌ప్యాడ్‌లోనే దిద్దుకోవచ్చు. దానికి ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు.

అప్పుడు మళ్లీ విండోస్‌లోకి వచ్చి ఐట్యూన్స్‌లో రీస్టోర్ కొట్టాను, అంటే ఐపాడ్‌ని చెరిపేసి కొత్తదానిలా చేశాను. ఐపాడ్ ఫ్యాట్32కి మారింది. దానిమీద రాక్‌బాక్స్ వేశాను. తెలియనివాళ్లకి చెబుతున్నాను, రాక్‌బాక్స్ అనేది ఈ ప్లేయర్ల కోసం ఔత్సాహికులు రాసిన ఉచిత ఫర్మ్‌వేర్, అంటే ప్లేయర్‌ని లోపల నడిపించే సాఫ్ట్‌వేర్. 2001లో ఆర్కోస్ ప్లేయర్ల కోసం మొదలుపెట్టారు, 2025లో 4.0 వచ్చింది. తయారుచేసినవాళ్లే వదిలేసిన వస్తువులకి ఇంతకాలంగా కొత్త వెర్షన్లు రాస్తూ కూర్చున్నవాళ్లకి దండం పెట్టాలి. ఐపాడ్‌లో రాక్‌బాక్స్‌కి ఫ్యాట్32 తప్పనిసరి, అందుకే ముందు రీస్టోర్. అది వేశాక ఇక సింకూ లేదు, లైబ్రరీ లేదు. ఫోల్డర్లు లాగి పడేయడమే, ఎం3యూ ఫైళ్లతో సహా. ఐపాడ్ సొంత సాఫ్ట్‌వేర్‌కి రాని ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా దాచే ఫైలు రకం) పాటలు కూడా ఆడుతుంది. పాత మెనూ మీద బెంగగా ఉంటే ఆన్ చేసిన వెంటనే హోల్డ్ మీట జరిపితే పాతదే వస్తుంది.

రాక్‌బాక్స్ గొడవ వద్దు, పాత పద్ధతే చాలు అనుకుంటే విండోస్‌లో ఐట్యూన్స్ ఇంకా పనిచేస్తుంది. మ్యాక్‌లో 2019 నాటి కాటలీనా వెర్షన్ నుంచి ఐట్యూన్స్ లేదు, ఐపాడ్ ఫైళ్లు చూసుకునే ఫైండర్‌లో కనబడుతుంది. ఎక్కడైనా సరే, పాటలు చేత్తో ఎక్కించుకునే సెట్టింగ్ పెట్టుకోండి. ఐపాడ్ బిగుసుకుపోతే మెనూ, మధ్య బటన్ కలిపి నొక్కి పట్టుకోండి. యాపిల్ గుర్తు కనబడగానే వదిలేసి, మధ్య బటన్, ప్లే బటన్ కలిపి పట్టుకుంటే డిస్క్ మోడ్‌లోకి వస్తుంది. చాలాసార్లు అలా వచ్చినప్పుడు కంప్యూటర్ గుర్తుపడుతుంది. చక్రం ఉన్న ఐపాడ్లలో ఎక్కువభాగానికి ఇదే పద్ధతి.

మీది ఐపాడ్ కాకుండా మామూలు ఎంపీ3 ప్లేయర్ అయితే పని ఇంకా సులువు. వాటిలో చాలావాటికి సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ మోడ్ అని ఒకటుంటుంది, శాన్సా క్లిప్‌లాంటి వాటిలో చూడొచ్చు. ఎంటీపీ, ఎంఎస్‌సీ అని కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతులు రెండు. ఎంఎస్‌సీ పెడితే పెన్ డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. కళ్లు మూసుకుని అదే పెట్టేయండి. ఎంటీపీలో ఉంటే మ్యాక్ అసలు చూడదు, దానికి ఆ సదుపాయం సొంతంగా లేదు. విండోస్‌లో కూడా పేరు చివర ఎన్ అని ఉండే ఎడిషన్లలో మీడియా ఫీచర్ ప్యాక్ విడిగా వేసుకుంటే తప్ప కనబడదు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఒక మోడ్‌లో ఎక్కించిన పాటలు రెండో మోడ్‌లో కంప్యూటర్‌కి కనబడకపోవచ్చు. పోయాయని కంగారుపడి మళ్లీ ఎక్కించకండి, మోడ్ మార్చి చూడండి.

సొంత డ్రైవర్ (పరికరంతో మాట్లాడటం కంప్యూటర్‌కి నేర్పే చిన్న ప్రోగ్రామ్) లేనిదే నోరు విప్పని ప్లేయర్లు ఇంకో రకం. నా దగ్గరా ఒకటుంది, కంపెనీ పేరు చెప్పను. డ్రైవర్ సీడీ పోయింది, సరే సైట్‌లో దింపుకుందాం అని వెళ్తే ఆ పేజీనే ఎత్తేశారు. ఫైలు ఎంతుంటుంది? ఫోన్‌లో తీసే ఒక ఫొటో అంత కూడా ఉండదేమో. అమ్మినన్నాళ్లు అమ్మి, ఆ చిన్న ఫైలుని సైట్‌లో ఒక మూల పడేసి ఉంచడానికి మనసొప్పలేదంటే నాకు ఒళ్లు మండుతుంది. దొరికినా, పాత 32 బిట్ డ్రైవర్లు 64 బిట్ విండోస్‌లో ఎక్కవు. అప్పుడు మళ్లీ ఔత్సాహికులే దిక్కు. సోనీ నెట్‌ఎండీ మినీడిస్క్ (చిన్న డిస్క్ మీద పాటలు దాచుకునే) ప్లేయర్లని చూడండి, ఒకప్పుడు సోనిక్‌స్టేజ్ ప్రోగ్రామ్ ఉంటేనే పాట ఎక్కేది. ఇప్పుడు వెబ్ పేజీ నుంచే యూఎస్‌బీ పరికరంతో మాట్లాడనిచ్చే వెబ్‌యూఎస్‌బీ పుణ్యమా అని క్రోమ్ బ్రౌజర్‌లోంచే ఎక్కించేస్తున్నారు. మీ మోడల్ పేరు పక్కన రాక్‌బాక్స్ అనో, లినక్స్ అనో చేర్చి వెతకండి, దారి దొరికే అవకాశం ఎక్కువ.

ప్లేయర్ బాగుపడ్డాక మీకు ఎదురయ్యే కష్టం వేరే ఉంది. ఎక్కించడానికి పాటలేవి? నెలనెలా డబ్బు కట్టి వినే యాప్‌లో ‘డౌన్‌లోడ్’ అని ఉంటుంది గానీ అది ఆ యాప్ లోపలే తాళం వేసి ఉంటుంది, బయటికి తీసి ఈ ప్లేయర్‌లో వేసుకోలేం. కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ డ్రైవ్ కూడా లేదు. ఒక యూఎస్‌బీ సీడీ డ్రైవ్ సంపాదించి ఇంట్లో ఉన్న సీడీలన్నీ ఫైళ్లుగా మార్చి పెట్టుకోండి. తాళం లేకుండా ఫైలు రూపంలో పాటలమ్మే చోట్లు ఇంకా ఉన్నాయి, అక్కడ కొనండి. ఫైలు మీ చేతిలో ఉంటేనే పాట మీది.

చివరగా బ్యాటరీ. ఏళ్ల తరబడి వాడని లిథియం బ్యాటరీ అడుగంటిపోయి ఉంటుంది, తగిలించిన వెంటనే ఏమీ కనబడకపోతే గోడ ఛార్జర్‌కి పెట్టి, కళ్లెదుట ఉంచుకుని కొన్ని గంటలు చూడండి. ఛార్జ్ తక్కువగా ఉన్నప్పుడు పాటలు ఎక్కిస్తే కనెక్షన్ మధ్యలో తెగిపోవచ్చు, నిండాకే మొదలుపెట్టండి. లోపల డిస్క్ టకటకమంటుంటే ముందు కాపీ, తర్వాతే మిగతాది. ఐపాడ్ డిస్క్ బదులు మెమరీ కార్డు పెట్టుకునే అడాప్టర్లు దొరుకుతాయి, దాంతో బరువూ తగ్గుతుంది, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. కానీ తెర పైకి లేచినట్టున్నా, వెనక మూత ఉబ్బినట్టున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అప్పుడు మాత్రం కేబుల్ తగిలించకండి, నొక్కకండి, మీరే ఊడదీయాలని చూడకండి. బ్యాటరీ మార్చడం తెలిసినవాళ్ల చేతికి ఇవ్వండి, కొత్త బ్యాటరీ వేశాక కేబుల్ దగ్గర్నుంచి మొదలుపెట్టండి.