వకాండా మీద వ్యాసం రాసిన అమ్మాయికి

అమ్మాయీ,

ఆశీస్సులు. వకాండా అనే కల్పిత ఆఫ్రికా దేశం కథ చెప్పే 'బ్లాక్ పాంథర్' సినిమా మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం నీ చెప్పుచేతల్లో ఉంది. ఈ వయసులో అది చిన్న సంగతి కాదు. కానీ పది పేజీలూ తిరగేస్తే తేలేది ఒక్కటే, ప్రపంచమంతా ఆ సినిమాను నెత్తిన పెట్టుకుందని. నిజమే, పెట్టుకుంది. 2018 ఫిబ్రవరిలో విడుదలై 130 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్ నామినేషన్ అందుకున్న మొదటి సూపర్ హీరో సినిమా అయింది. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. ఆ అభిమానులు సినిమా చూసి వచ్చాక తమలో తాము ఎందుకు వాదులాడుకున్నారో నువ్వు ఎక్కడా రాయలేదు. నన్నడిగితే నీ వ్యాసం అక్కడే మొదలవ్వాలి.

మూడో పేజీలో మన దగ్గర కటౌట్లకు పాలాభిషేకం చేసే అభిమానంతో పోలిక తెచ్చావు. అది కొట్టేయి. మన అభిమాని హాలుకు వెళ్లేది తనకు ముందునుంచీ తెలిసిన హీరో కోసం. అమెరికాలో నల్లజాతి కుటుంబాలు దషికీలనే రంగురంగుల ఆఫ్రికా చొక్కాలు తొడుక్కుని, తలపాగాలు చుట్టుకుని పెళ్లికి వెళ్లినట్టు ఆ సినిమాకు వెళ్లాయి. తామెన్నడూ తెరమీద చూడని ఒక దేశాన్ని చూడటానికి వెళ్లాయి. న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట హార్లెమ్ పిల్లలకు టికెట్లు కొనిపెట్టడానికి ఊరూ పేరూ తెలియనివాళ్లు చందాలు వేశారు. అట్లాంటాలో ఒక బడి పిల్లలు, తమను ఆ సినిమాకు తీసుకెళ్తున్నారని తెలియగానే బెంచీలెక్కి డాన్సు చేసిన వీడియో నువ్వూ చూసే ఉంటావు. 'అభిమానులు ఉర్రూతలూగిపోయారు' అని రాసే బదులు ఆ తరగతి గదిని రాయి.

ఇక అసలు సంగతి కిల్‌మాంగర్. నీ వ్యాసంలో అతనికి దక్కింది ఒక్క వాక్యం, అందులోనూ 'క్రూరుడైన ప్రతినాయకుడు'. వకాండా పుట్టుక చెప్పే చిన్న ముందుమాట అయ్యాక, కథ మొదలయ్యేది వకాండాలో కాదు, 1992 నాటి అమెరికాలోని ఓక్‌లాండ్‌లో, పేదలుండే ఒక అపార్ట్‌మెంట్లో. దర్శకుడు ర్యాన్ కూగ్లర్ పుట్టిందీ ఆ ఊళ్లోనే. అక్కడ వకాండా రాజు, అంటే హీరో టిచాలా తండ్రి, తన సొంత తమ్ముణ్ణి చంపి, వాడి కొడుకును దిక్కులేకుండా వదిలేసి వెళ్లిపోతాడు. ఆ పిల్లవాడే పెరిగి కిల్‌మాంగర్ అవుతాడు. మావాళ్లను ఓడల్లో సంకెళ్లు వేసి తీసుకుపోతుంటే, అన్నీ ఉన్న మీరు ఎందుకు తలుపులు మూసుకు కూర్చున్నారు అన్నది అతని ప్రశ్న. ఆఫ్రికాను ఉద్దేశించి నల్లజాతి అమెరికన్ల గుండెల్లో ఉన్న పాత నిష్ఠూరం అది. అందుకే చాలామంది ప్రేక్షకులు హాల్లోంచి అతని పక్షం వహించి బయటికి వచ్చారు. 'కిల్‌మాంగర్‌దే న్యాయం' అన్నది వాళ్లకు నినాదమైంది.

ఎదుటివాళ్లు ఊరుకోలేదు. ప్రేయసిని రెప్ప వేయకుండా కాల్చి చంపినవాడు, రాజ్యానికి ప్రాణమైన మూలికల తోటను తగలబెట్టించినవాడు ఎవరిని విముక్తి చేస్తాడని అడిగారు. ముఖ్యంగా స్త్రీలు అడిగారు. ఇంకో వర్గం కోపం సినిమా మీదే. న్యాయమైన ప్రశ్న అడిగిన నల్ల యువకుణ్ణి హంతకుడిగా చూపించి చంపేసి, అదే పోరులో సీఐఏ ఏజెంటు చేత విమానాలు కూల్పించి శభాష్ అనిపించడం ఏమిటని వాళ్ల బాధ. ఈ మూడు పక్షాల్లో ఏదీ తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. టిచాలా కూడా చివరికి పూర్వీకుల ముందు నిలబడి మీరు చేసింది తప్పని చెబుతాడు, అదే ఓక్‌లాండ్‌లో భవనాలు కొని సేవాకేంద్రం పెట్టబోతాడు. విలన్ మాటలో సగం ఒప్పుకున్న హీరో అన్నమాట. నువ్వు ఎటువైపో రాయి. గోడ మీద కూర్చుని రాసిన వ్యాసం చదవడానికి నాకు ఓపిక లేదు.

మ్యూజియం సన్నివేశాన్ని మళ్లీ చూడు. లండన్‌లోని ఒక మ్యూజియంలో కిల్‌మాంగర్ గాజు పెట్టెల ముందు నిలబడి ఒక్కొక్క వస్తువూ ఎక్కడిదని అడుగుతుంటాడు. క్యూరేటర్ చేతిలో కాఫీ కప్పుతో ఓపిగ్గా చెబుతుంటుంది. కాపలావాళ్ల కళ్లు అతను లోపలికి వచ్చినప్పటి నుంచీ అతని మీదే. ఒక వస్తువు దగ్గర ఆమెను సరిదిద్దుతాడు: బ్రిటిష్ సైనికులు దీన్ని బెనిన్‌లో తీసుకున్నారు గానీ ఇది వకాండాది అని. మీ పెద్దలు వీటికి సరైన ధర చెల్లించారనుకుంటున్నారా అని అడుగుతాడు. ఆ కాఫీలో విషం ఉందని మనకు ఆ తర్వాత తెలుస్తుంది. వకాండా కల్పితం, బెనిన్ కాదు. 1897లో బ్రిటిష్ సేన నేటి నైజీరియాలోని బెనిన్ నగరాన్ని తగలబెట్టి వేల ఇత్తడి శిల్పాలు ఎత్తుకుపోయింది. 2022లో జర్మనీ తన మ్యూజియంలలో ఉన్నవాటి మీద హక్కును నైజీరియాకు అప్పగించింది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి మాత్రం చాలావరకు అక్కడే ఉన్నాయి.

తెలుగు పాఠకుడికి ఈ సినిమాతో చుట్టరికం కలపాలని నీకు తొందరగా ఉంది కదా, ఇక్కడ కలుపు. అమరావతి స్తూపం శిల్పాలు నూటికి పైగా అదే బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించాడు, మద్రాసు మీదుగా లండన్ చేరాయి, 1880లో మ్యూజియం పాలయ్యాయి. అయితే తేడా దాచకు. బెనిన్‌లో జరిగింది సైనిక దోపిడీ. అమరావతిలో, అప్పటికే ఏలుతున్న కంపెనీ అధికారులు తవ్వి ఓడెక్కించారు. అంతకుముందు జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి హయాంలో మనవాళ్లే ఆ రాళ్లను కట్టడాలకు వాడేశారు. ఈ ముక్క రాస్తే నీ మీద కొందరు విరుచుకుపడతారు. పడనీ.

దానికి బదులు నువ్వు హనుమంతుడి మీద రెండు పేజీలు రాశావు. వకాండాలోని జబారీ తెగ నాయకుడు ఎంబాకూ హనుమాన్‌కు జై కొట్టడం, మన సెన్సారు బోర్డు ఇక్కడి ప్రతిలో ఆ ఒక్క మాట వినబడకుండా చేయడం, పెదవులు కదిలినా శబ్దం రాకపోయేసరికి ప్రేక్షకులు అసలు ఏమన్నాడని ఆరా తీయడం, ఇదంతా సరదాగా ఉంది. ఒక పేరా చాలు. 'మన దేవుడు ఆఫ్రికా దాకా వెళ్లాడు' అన్న పొంగు మాత్రం వద్దు. కామిక్స్‌లో ఎంబాకూకు 'మ్యాన్-ఏప్' అని పేరు. నల్లవాణ్ణి కోతి అని పిలిచిన చరిత్ర తెలిసినవాళ్లు కాబట్టి సినిమావాళ్లు ఆ పేరు వాడలేదు. ఆ జాగ్రత్తే నీ రెండు పేజీల కంటే ఎక్కువ చెబుతుంది.

దుస్తుల గురించి 'ఆఫ్రికా సంప్రదాయ దుస్తులు' అని తేల్చేశావు. అలాంటి దుస్తులు ఎక్కడా లేవు. టిచాలా తల్లి, రాణి రమోండా కిరీటానికి మూలం జులూ స్త్రీల టోపీ, సరిహద్దు తెగవాళ్లు కప్పుకున్నవి లెసోతో కంబళ్లు, మాట్లాడిన భాష దక్షిణాఫ్రికా ఖోసా. ఆ భాషను పెట్టించింది టిచాలా తండ్రి పాత్ర వేసిన నటుడు జాన్ కానీ. దుస్తులు రూపొందించిన రూత్ కార్టర్ వీటన్నిటినీ ఒకచోట కుట్టి ఆస్కార్ అందుకుంది. తమ కంబళి తెరమీద చూసి మురిసినవాళ్లున్నారు, యాభైకి పైగా దేశాలను ఒకే మూటలో కట్టేశారని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. ఇద్దరినీ రాయి.

ఆఫ్రోఫ్యూచరిజం, అంటే నల్లవాళ్లు తమ భవిష్యత్తును సైన్స్ ఫిక్షన్‌లా ఊహించుకునే ధోరణి, దాని చరిత్ర పాఠం మొత్తం తీసెయ్యి. 1993లో మార్క్ డెరీ ఆ పేరు పెట్టాడు, అంతకు దశాబ్దాల ముందే జాజ్ కళాకారుడు సన్ రా సంగీతంలో ఆ పని జరుగుతోంది, ఈ రెండు వాక్యాలు సరిపోతాయి. వలస పాలన తగలకపోతే ఆ నేల ఎలా ఉండేది అన్న ఊహ సినిమాలోనే కనిపిస్తోంది, నువ్వు నిర్వచించనక్కర్లేదు.

రెండు తప్పులు దిద్దుకో. టిచాలాగా నటించిన చాడ్విక్ బోస్‌మన్ పోయింది 2021లో కాదు, 2020 ఆగస్టు 28న. కామిక్స్‌లో ఆ పాత్రను 1966లో సృష్టించింది స్టాన్ లీ ఒక్కడే కాదు, జాక్ కిర్బీ కూడా. పేరు చేర్చి కొత్త ప్రతి పంపు, ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండేట్టు చూడు.

ఉంటాను.