అనుమానం ఇంట్లోనే ఉంది

తమ్ముడికి,

నీ సమీక్ష చదివాను. ‘ఫారెస్ట్ గంప్’ తీసినాయన ‘అలైడ్’ తీయడమేంటని మొదటి పేరా నుంచి చివరిదాకా వాపోయావు. 2016లో అది చూసి నేనూ ఉసూరుమన్నాను. కానీ ‘పేలవంగా ఉంది’ అని నాలుగు రకాలుగా రాస్తే చదివేవాడికి ఏం ముట్టింది? రాబర్ట్ జెమెకిస్ ఎక్కడ జారాడో వేలుపెట్టి చూపించు.

నాకైతే ఆ చోటు తెలుసు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ తరఫున పనిచేసే హీరో మాక్స్‌కి పైవాళ్లు, ‘నీ భార్య జర్మన్ గూఢచారని అనుమానం, నిజమైతే నీ చేతులతోనే చంపాలి’ అని చెబుతారు. రాత్రి ఇంటికి ఫోనొస్తుంది. అందులో చెప్పిన దొంగ కబురు కాగితం మీద రాసి, ఆమె కంటబడేలా వదిలేస్తాడు. అదే కబురు జర్మన్ల వైర్‌లెస్‌లో వినబడిందా, ఆమె పని అయిపోయినట్టే. ఎంత గొప్ప సన్నివేశం! ఇక ఆమె పాపని ఎత్తుకుని నవ్వినా మనకి ముద్ద దిగకూడదు. భార్యగా వేసిన మరియన్ కొతియార్ ఆ నవ్వు నవ్వగలదు కూడా. తీరా చూస్తే హీరోని విమానమెక్కించి ఫ్రాన్సులో డియెప్ జైలుకి తోలారు, ఆమె ఎవరో చెప్పగల తాగుబోతు సాక్షి కోసం. అనుమానం లండన్ ఇంట్లో ఉంటే కెమెరా అక్కడికెందుకు పోయినట్టు? (నవ్వకు. నా తొలి గూఢచారి కథలో ఊపు తగ్గినప్పుడల్లా నేనూ ఓ కారు ఛేజ్ పెట్టాను.)

అసలు గూఢచారుల సంగతి చూడు. ‘గార్బో’ అనే మారుపేరుతో బ్రిటన్ తరఫున జర్మన్లని బోల్తా కొట్టించిన హువాన్ పుజోల్, లేని ఏజెంట్లని 27 మందిని పుట్టించాడు. లివర్‌పూల్లో ఉన్నాడని నమ్మించిన ఒకణ్ణి జబ్బుచేయించి చంపేసి, పేపర్లో చావు ప్రకటన వేయించారు. లేని ఆ మనిషి ‘భార్య’కి జర్మన్లు పెన్షన్ ఇచ్చారు! అంతకుముందు లిస్బన్‌లో కూర్చుని బ్రిటన్‌లో ఉన్నట్టు జర్మన్లకి రాసే రోజుల్లో, గ్లాస్గో జనం లీటరు వైన్ కోసం ఏమైనా చేస్తారని రాసేశాడు. స్పెయిన్‌వాడి అలవాటు స్కాట్లండ్‌వాడికి అంటగట్టాడన్నమాట. ఆ ఒక్క మాటకే దొరికిపోవలసింది, చదివినవాళ్లకి గ్లాస్గో తెలియక బతికాడు.

సమీక్షతో పాటు పంపిన నీ కథలో మూడో పేజీ మళ్లీ చూసుకో. నీ గూఢచారి ఉత్తరం చింపేశాడు, బానే ఉంది. ముక్కలు ఎక్కడ పడేశాడు? ఇంట్లో పనిమనిషి ఉందని రెండో పేజీలో నువ్వే రాశావు. అది తేల్చి పంపు, మిగతాది అప్పుడు చదువుతాను.

ఉంటాను,
అన్నయ్య