అమ్మలూ, ఆ డబ్బాలకి ప్లగ్గు పెట్టకు

అమ్మలూ,

కొత్తగా కొన్న ఇంట్లో ఉన్న పాత డబ్బాలూ, వైర్లూ ఏంటో చెప్పమని నువ్వు రాత్రి వాట్సాప్‌లో పంపిన ఫోటోలన్నీ రెండేసి సార్లు చూశాను. మన విశాఖ పెదవాల్తేరులో పాత ఇల్లయినా సొంతిల్లు కొనుక్కున్నారు, చాలా సంతోషం. కానీ "పెదనాన్నా, ఇవేంటో తెలియట్లేదు, ప్లగ్గు పెట్టి చూడనా" అన్నావే, ఆ మాటకి నాకు టెన్షన్ పట్టుకుంది. పెట్టొద్దు. అదేమిటో తేలేదాకా దేనికీ కరెంటు ఇవ్వొద్దు, దేన్నీ పీకొద్దు కూడా. ఎంవీపీ కాలనీలో మా పాత అపార్ట్‌మెంట్‌లో ఎవరో మెట్ల దగ్గరి డబ్బా ఎందుకూ పనికిరాదనుకుని పీకేస్తే, పై నాలుగు ఇళ్లకీ కేబుల్ టీవీ ఆగిపోయింది. అది సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్ అని అప్పుడు తెలిసింది.

ముందు వైరు పట్టుకుని నడువు. ఎక్కడినుంచి వస్తోంది, ఎటు పోతోంది అన్నది చూస్తే సగం పని అయిపోతుంది. నీ మూడో ఫోటోలో కిటికీ పక్కన ఒక చిన్న డబ్బా ఉంది కదా, ఒక పక్క కరెంటు ప్లగ్గు, ఇంకోపక్క గుండ్రటి టీవీ కేబులు, ఆ కేబులేమో గోడ వెంట మేడ మీదకి పోయింది. అది నాకు బాగా తెలిసిన వస్తువు, పాత యాంటెన్నా బూస్టర్‌కి కరెంటిచ్చే డబ్బా. సిగ్నల్‌ని పెంచే బూస్టర్ పైన యాంటెన్నా గొట్టానికి ఉండేది, ఈ డబ్బా అదే కేబుల్లోంచి దానికి తక్కువ వోల్టేజి పంపేది, అదే కేబుల్లోంచి టీవీ సిగ్నల్ కిందికి వచ్చేది. మేడ మీద ఇప్పుడు యాంటెన్నా లేదన్నావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద విరుచుకుపడ్డప్పుడు ఎన్ని ఇళ్ల మీద ఎన్ని ఎగిరిపోయాయో నువ్వూ చూశావు, ఇదీ అప్పుడే పోయిందేమో. ఆ కేబుల్ చివర మేడ మీద ఊరికే వేలాడుతూ ఉంటే డబ్బా తీసేయొచ్చు.

మెట్ల పక్కన మూడు రంధ్రాల తెల్ల డబ్బా మీద లైన్, ఫోన్, మోడెమ్ అని ఇంగ్లీషులో ఉందా? అయితే స్ప్లిట్టర్. ల్యాండ్‌లైన్ మీద నెట్ వచ్చిన రోజుల్లో ఒకే రాగి తీగల జతలో మాటా, నెట్టూ కలిసి వచ్చేవి, మాట తక్కువ ఫ్రీక్వెన్సీలో, 4 కిలోహెర్ట్జ్ లోపు, నెట్ అంతకు పైన. రెంటినీ విడదీయకపోతే ఫోన్‌లో బుసబుసమని చప్పుడు వచ్చేది. లైను ఇంకా బతికే ఉంటే అందులో 48 వోల్టులు ఉంటాయి, బెల్లు మోగేటప్పుడు ఇంకా ఎక్కువ, కాబట్టి మీ ఆయన్ని పళ్లతో వైరు ఒలవొద్దని చెప్పు.

అటక మీది ఇనప డబ్బాని కాస్త ఎత్తి చూడు. సైజుకి మించి బరువుగా ఉంటే లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నట్టే. ముందు ముల్లు తిరిగే మీటరు, వెనక సాకెట్లు ఉన్నాయి కాబట్టి ఫ్రిజ్ స్టెబిలైజర్ అనే అనుకుంటున్నాను. సముద్రం దగ్గరి ఇల్లు, ఉప్పుగాలికి టెర్మినళ్లకి పచ్చటి చిలుము పట్టి ఉంటుంది, దాన్ని మళ్లీ వాడాలనే ఆశ వద్దు. పాత డబ్బా టీవీ ఉంటే మాత్రం వెనక మూత అసలు విప్పకు, ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిలవుండిపోతుంది.

లేబుల్ దొరికితే అదృష్టమే. బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ, గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరుంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టు, ఎవరు చేశారో, అదేం వస్తువో వస్తుంది. మ్యాక్ అని ఉన్నచోట పన్నెండు అంకెలూ అక్షరాలూ ఉంటే అది నెట్‌వర్క్‌కి సంబంధించినది, మొదటి ఆరింటినీ నెట్‌లో వెతికితే తయారీదారు పేరు తెలుస్తుంది.

ఇక సంచినిండా ఉన్న అడాప్టర్లు. అసలు భయం వీటితోనే. నేనే ఒకసారి పిన్ను సరిపోయింది కదా అని 5 వోల్టుల డబ్బాకి 12 వోల్టుల అడాప్టర్ పెట్టాను, నిమిషంలో కాలిన వాసన, డబ్బా పోయింది. పిన్ను పట్టడం వేరు, సరిపడటం వేరు. అవుట్‌పుట్ అని రాసిన చోట వోల్టులు అచ్చంగా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి, ప్లస్ పిన్ను మధ్యలోనా బయటా అన్న బొమ్మ కూడా కలవాలి. కొన్ని అడాప్టర్లు డీసీ కాకుండా ఏసీ ఇస్తాయి, అదీ చూసుకో.

ఆకుపచ్చ మూతి ఉన్న సన్నటి వైరు వెలుతురుతో నెట్ తెచ్చే ఫైబర్, దాని కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు, లోపలి వెలుతురు కంటికి కనబడదు గానీ ఉంటుంది. ఆ వైరు తగిలించే డబ్బా నెట్ కంపెనీదే అయి ఉండొచ్చు, పారేయకుండా ముందు పాత ఓనర్ గారికి ఫోన్ చేసి అడుగు.

ఎనిమిదో ఫోటో ఒక్కటే నాకు తేలలేదు. పగటి వెలుతురులో ఆ డబ్బా వెనక వైపు, లేబుల్ దగ్గరగా, వైరు గోడలోకి దూరే చోటు, మూడూ విడివిడిగా తీసి పంపు. ఆదివారం టెస్టర్, మల్టీమీటర్ పట్టుకుని నేనే వస్తాను, మీ పెద్దమ్మ పులిహోర తెస్తుంది, వంట పెట్టుకోకు.

మీ పెదనాన్న