గుండె కవాటం మార్చాక గజ్జలో గడ్డ

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది సోంపేట దగ్గర పల్లె. మా అమ్మకు 76 ఏళ్లు. ఛాతీ కోయకుండా తొడ రక్తనాళం గుండా గుండె కవాటం మార్చే చికిత్స విశాఖపట్నంలో చేయించాం. ఇంటికి వచ్చిన వారానికి కుడి గజ్జలో నిమ్మకాయంత గడ్డ తేలింది. చెయ్యి వేస్తే కొట్టుకుంటోంది. కాపడం పెట్టమని అందరూ అంటున్నారు. ఆమెకు కిడ్నీ జబ్బు కూడా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: కాపడం పెట్టకండమ్మా, మర్దనా అసలే వద్దు. ఈ జవాబు చదివిన రోజే ఆమెకు గజ్జ దగ్గర డాప్లర్ స్కాన్ (రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే అల్ట్రాసౌండ్ పరీక్ష) చేయించండి. ఆ పరీక్షకు రంగు మందు ఎక్కించరు కాబట్టి కిడ్నీలకు హాని ఉండదు.

చర్మం కమిలి, ఆ నలుపు తొడ మీదికి జారి, రెండు మూడు వారాల్లో పసుపు రంగుకు తిరిగి మాయమవడం మామూలే. కొట్టుకునే గడ్డ అలాంటిది కాదు. గొట్టం దూర్చిన చోట ధమని రంధ్రం సరిగా మూసుకోనప్పుడు రక్తం బయటికి వచ్చి, చుట్టూ ఉన్న కండలో సంచిలా నిలుస్తుంది. దీన్ని సూడో అన్యూరిజమ్ అంటారు. చిన్నదైతే కనిపెట్టుకుని ఉంటే చాలు. పెద్దదైతే స్కాన్‌లో చూస్తూ త్రాంబిన్ ఇంజెక్షన్‌తో గడ్డకట్టిస్తారు, అదీ కుదరకపోతే శస్త్రచికిత్స చేస్తారు.

2002లో ఫ్రాన్స్‌లో అలెన్ క్రిబియే ఈ చికిత్స మొదలుపెట్టిన తొలి రోజుల్లో వాడిన గొట్టాలు సుమారు 8 మిల్లీమీటర్ల మందం ఉండేవి. ఇప్పుడవి చాలా సన్నబడ్డా, వృద్ధ మహిళల తొడ ధమని చిన్నది కావడం, కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఆ గోడలకు కాల్షియం పేరుకోవడం వల్ల అది చిరిగే, చీలే అవకాశం ఎక్కువ. ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టి పీడిస్తోందో మీకు నేను చెప్పనక్కరలేదు; అందుకే అక్కడి నుంచి ఈ చికిత్సకు వెళ్లే ప్రతి ఒక్కరూ ఆ సంగతి ముందే వైద్యులకు చెప్పాలని గట్టిగా కోరుతున్నాను.

గడ్డ చూస్తుండగానే పెరిగినా, పొత్తికడుపులోనో నడుములోనో నొప్పితో కళ్లు తిరిగి చెమటలు పట్టినా, పాదం చల్లబడి పాలిపోయి తిమ్మిరెక్కినా స్కాన్ కోసం ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. నడుము నొప్పిని తేలిగ్గా తీసుకోకండి, కడుపు వెనుక భాగంలో కారే రక్తం పైకి కనిపించదు. గజ్జలో రక్తం కారుతుంటే ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి, గాయానికి కాస్త పైన అరచేత్తో గట్టిగా నొక్కి పట్టుకోండి.

రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు, ఆపితే కొత్త కవాటం మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితాలు, కవాటం కార్డు, కిడ్నీల పనితీరు తెలిపే తాజా క్రియాటినిన్ రిపోర్టు వెంట పట్టుకెళ్లండి.