అడవుల్లో బతకడం నేర్చుకోనక్కర్లేదు, అయిదు రోజులు కరెంటు లేకుండా ఇల్లు నడపగలిగితే చాలు

తుపాను లాంటి విపత్తుకు ముందే సిద్ధపడటం గురించి ఒకరు నన్ను అడిగారు. ఏడాదికి సరిపడా తిండి దాచుకోవడం లాంటివి తమకు పట్టవని, పిల్లలతో ఫ్లాట్‌లో ఉంటున్న కుటుంబానికి నిజంగా ఏం కావాలో చెప్పమన్నారు. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు మేం నాలుగో అంతస్తులో ఉన్నాం. బియ్యం, పప్పు, గ్యాసు అన్నీ ఉన్నాయి. మమ్మల్ని ఏడిపించింది నీళ్లు. కరెంటు లేకపోతే మోటారు తిరగదు, పైన ట్యాంకు నిండదు. ఇంత చిన్న సంగతి అంతకుముందు ఎప్పుడూ తట్టలేదు. మర్నాటికే కుళాయిలు ఎండిపోయాయి. మరుగుదొడ్డికి కూడా కింద నుంచి బిందెలతో మోశాం. మాకు శ్రమ తగ్గించాలని మా అత్తగారు నీళ్లు తాగడమే తగ్గించేశారు. ఆ విషయం నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది. ఇప్పటికీ తలచుకుంటే బాధగా ఉంటుంది.

అందుకే ఇప్పుడు తుపాను హెచ్చరిక వినగానే డ్రమ్ము, బకెట్లు, బిందెలు, చివరికి పెద్ద గిన్నెలు కూడా నింపేస్తాను. తాగడానికి మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున మూత ఉన్న క్యాన్లలో విడిగా పెడతాను. అవి అయిపోతే బయటి నీళ్లు తెర్లేదాకా కాచే తాగాలి.

ఇంకో మాట. ఆ రోజు మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఆగింది. తుపాను వెళ్లిపోయిందనుకుని చాలామంది బళ్లు చూసుకోవడానికి కిందికి దిగారు. అది తుపాను కన్ను, అంటే తుపాను నడిమధ్యన గాలి నెమ్మదించే చోటు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. అప్పుడే మా కిటికీ అద్దం పగిలి మా వారి చెయ్యి తెగింది. రక్తం ఆగిందా అని నేను మాటిమాటికీ గుడ్డ తీసి చూశాను. అలా చూడకూడదు. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, పది నిమిషాలైనా తీయకుండా ఉంచాలి. ఇది పిల్లలకు కూడా నేర్పండి. మెయిన్ స్విచ్ కట్టేయడం, సిలిండర్ రెగ్యులేటర్ ఆపడం ఇంట్లో పెద్దలందరికీ రావాలి. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా తలకొట్టి కొలిచి, కలిపి తాగించాలి.

టార్చిలైటు, బ్యాటరీ రేడియో, పవర్ బ్యాంకు సరే. ఏటీఎంలు పనిచేయవు కాబట్టి యాభై, వంద నోట్లు కొన్ని ఉంచుకోండి. దగ్గరివాళ్ల ఫోను నంబర్లు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇంట్లో బీపీ, షుగరు ఉన్నవాళ్లుంటే, మాత్రలు పది రోజులకు సరిపడా మిగిలి ఉండగానే కొత్తవి కొనేయండి. మేం మాత్రం ఆ వారం మూసి ఉన్న మందుల దుకాణాల చుట్టూ తిరిగాం.