బోర్డు మీద ఒకరి పేరు, జీతం బిల్లు మీద ఇంకొకరి పేరు

బడుల గురించి పాఠకుల ప్రశ్నలకు జవాబులు. ఇస్తున్నది ఉమ్మడి ప్రకాశం జిల్లాలో 35 ఏళ్లు పాఠాలు చెప్పి, కందుకూరు వైపు ఒక జడ్పీ హైస్కూల్ హెచ్‌ఎంగా 2024లో రిటైరై, ఇప్పుడు కావలిలో ఉంటున్న మాస్టారు.

మా అమ్మాయి వాళ్లు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటారు. ఆర్నెల్లు ఉండొచ్చాను. అక్కడ బడికి కూడా ఎలక్షన్లు పెడతారు. ఇంటి పన్నులో దగ్గర దగ్గర సగం బడికే పోతుందని మా అల్లుడు ఒకటే గొణుగుడు. మనం కట్టే ఇంటి పన్నులో బడికి ఎంత పోతుంది మాస్టారూ?
– ఒక అమ్మమ్మ, దర్గామిట్ట, నెల్లూరు

మీ ఇంటి పన్నుతో ఇక్కడ ఏ టీచరుకీ జీతం రాదమ్మా. రసీదు తీసి చూడండి, గ్రంథాలయ సెస్సు అని ఉంటుంది. రూపాయికి 8 పైసలు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు పోతుంది, లైబ్రరీలకు. బడికి కాదు.

మీ అల్లుడి గొణుగుడు సంగతి చెప్తాను. టెక్సాస్‌లో బడులు నడిపేది ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్ అనే సంస్థ. మునిసిపాలిటీకి దానితో సంబంధం ఉండదు. ఓటర్లు ఎన్నుకున్న ట్రస్టీలు, మామూలుగా ఏడుగురు, బోర్డుగా కూర్చుని సూపరింటెండెంట్‌ను పెట్టుకుంటారు, బడ్జెట్ వేస్తారు, పన్ను రేటు తేలుస్తారు. కొత్త బిల్డింగులకు బాండ్లు తేవాలంటే మళ్లీ జనం ఓటు వెయ్యాలి. అల్లుడు గారు హెచ్1బీ వీసా మీద ఉంటే పన్ను కడతారు గానీ ఓటు ఉండదు. సగం గొణుగుడు అందుకే అయ్యుంటుంది!

ఆ పద్ధతి వినడానికి ముచ్చటగా ఉంటుంది. నాకు మాత్రం సగమే నచ్చింది. ఇళ్ల ఖరీదు ఎక్కువున్న చోట బడి కళకళలాడుతుంది, లేని చోట వెలవెలబోతుంది. అందుకే ఆస్తులు ఎక్కువున్న డిస్ట్రిక్టుల నుంచి రాష్ట్రం కొంత డబ్బు వెనక్కి తీసుకుని లేనివాళ్లకు సర్దుతుంది. దాన్ని అక్కడి జనం రాబిన్ హుడ్ అని పిలుచుకుంటారు. అదే లెక్క మన దగ్గర పెడితే మాగుంట లేఅవుట్ బడికి ఈతకొలను వస్తుంది, సీతారామపురం బడికి చాక్‌పీసు కూడా రాదు. ఇప్పుడు నెల్లూరు నడిబొడ్డున పనిచేసే ఎస్‌జీటీకీ (చిన్న తరగతుల టీచరు), సీతారామపురం కొండ కింద పనిచేసే ఎస్‌జీటీకీ ఒకటే స్కేలు. ఇంటద్దె అలవెన్సులో తేడా, అంతే. ఇది చిన్న విషయం కాదు.

మనకూ బోర్డులు ఉండేవి. మా నాన్న ఎప్పుడూ జడ్పీ హైస్కూల్ అనలేదు, బోర్డు హైస్కూలు అనేవాడు. మద్రాసు రాష్ట్రం నాటి జిల్లా బోర్డు మాట అది. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. నేను అ ఆలు దిద్దింది సమితి బడిలో. 1986లో సమితులు పోయి మండలాలు వచ్చాక అదే బడి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అయింది. గోడ అదే, వేపచెట్టు అదే, పేరు బోర్డు మాత్రం మూడుసార్లు రాశారు.

జిల్లా పరిషత్‌లో ఏడు స్థాయీ సంఘాలు ఉంటాయి. విద్య, వైద్యం కలిపి ఒక సంఘం. పల్లెల్లో జనం ఓటేసిన జడ్పీటీసీలే అందులో కూర్చుంటారు. అయితే టీచర్ని వేసేది వాళ్లు కాదు, డీఎస్సీ. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది రాష్ట్ర ప్రభుత్వం. జీతం ప్రభుత్వ ట్రెజరీ నుంచి, 010 అనే జీతాల పద్దు కింద వస్తుంది. పాఠ్యపుస్తకం రాష్ట్ర విద్యా పరిశోధన సంస్థ ఎస్‌సీఈఆర్‌టీది. రిపేర్లకు, ట్రైనింగులకు వచ్చే సమగ్ర శిక్ష పథకం డబ్బులో 60 పాళ్లు కేంద్రానిది, 40 పాళ్లు రాష్ట్రానిది. ఇక జడ్పీకి మిగిలింది బోర్డు మీద పేరు, స్థలం, బిల్డింగు, మా పీఎఫ్ ఖాతాలు. కూతురి పెళ్లికి పీఎఫ్ లోను పెట్టినప్పుడే మాకు జడ్పీ గుర్తొచ్చేది.

డాలస్ నుంచి ఒకటి తెచ్చుకోవచ్చంటే, బోర్డు మీటింగులో ఊళ్లోవాళ్లు లేచి రెండు మూడు నిమిషాలు మాట్లాడే వీలు తెచ్చుకుందాం. పన్ను వాళ్ల దగ్గరే ఉండనివ్వండి.

నన్ను విద్యా కమిటీలో మెంబరుగా వేశారు. మీటింగుకు పిలిచింది లేదు. పుస్తకం పిల్లాడితో ఇంటికి పంపి సంతకం పెట్టమంటారు. ఆడపిల్లల బాత్‌రూముల్లో నీళ్లు రావు. ఎవరిని అడగాలి?
– ఒక తల్లి, వింజమూరు

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. హెచ్‌ఎం అయిన కొత్తలో నేనూ పుస్తకం ఇంటికి పంపించాను. ఇన్‌స్పెక్షన్ రేపు అనగానే ఈ రోజు మూడు నెలల తీర్మానాలు ఒకే పెన్నుతో రాసేవాణ్ని. ఒక తల్లి మాత్రం సంతకం పెట్టకుండా పుస్తకం తిప్పి పంపింది. "పైన ఏమీ రాయకుండా కింద ఏలిముద్ర ఎట్టా ఏస్తాం అయ్యోరా" అని పిల్లాడితో చెప్పి పంపింది. ఆమె పొద్దున పూట బస్టాండు దగ్గర ఇడ్లీలు అమ్మేది. తర్వాతి ఎన్నికల్లో ఆమే మా కమిటీ చైర్‌పర్సన్.

మీ ప్రశ్నకు జవాబు కూడా ఆమె చూపించిందే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశారు. కందుకూరు నెల్లూరు జిల్లాలోకి పోయింది. జిల్లా పరిషత్తులను మాత్రం విడదీయలేదు, పాత 13 అట్టాగే ఉంచారు. అంటే మా బడికి కలెక్టరు నెల్లూరులో, జడ్పీ ఒంగోల్లో. ఆ ఏడు జూలై 5న బడి తెరిచాం. వారం తిరక్కుండా ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్లెక్కించే మోటారు కాలిపోయింది. ఒక ఆఫీసుకు పోతే బిల్డింగు మాది కాదన్నారు. ఇంకో ఆఫీసులో ప్రపోజల్ పెట్టండి, ఇంజినీరు వచ్చి ఎస్టిమేటు వేస్తాడన్నారు. కాలిపోయిన మోటారుకు ఎస్టిమేటు ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బడి గ్రాంటు వాడుకోవచ్చు కదా అంటారేమో. పిల్లల సంఖ్యను బట్టి ఇచ్చే ఉమ్మడి గ్రాంటు అది. 30 మంది లోపు ఉంటే ఏడాదికి 10,000, 100 వరకు 25,000, 250 వరకు 50,000, వెయ్యి వరకు 75,000, ఆపైన లక్ష. మాకు 212 మంది, కాబట్టి 50,000. అందులో కనీసం పదో వంతు శుభ్రతకే ఖర్చుపెట్టాలి. ఈ లెక్కంతా కాగితం మీద బాగుంటుంది. 2021 నుంచి ఆ డబ్బు బడి ఖాతాలో ఉండదు. మనది జీరో బ్యాలెన్స్ ఖాతా. పైనుంచి ఇంత వాడుకోవచ్చని పరిమితి ఇస్తే వాడుకోవాలి. జూలైలో మాకు కనిపించిన పరిమితి సున్నా.

అప్పుడు చైర్‌పర్సన్ అడిగింది, "పంచాయతీకి నీళ్లకని డబ్బులొస్తాయంట గదా, మనం కాయితం పెడితే?" నిజమే. అప్పట్లో 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చే గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలని కట్టేసి ఇచ్చేవారు. నేను ఎం.ఏ., బీఈడీ. ఆ ముక్క నాకు తట్టలేదు.

ఆ రోజు సాయంత్రం నాలుగున్నరకు వరండాలో చాప పరిచి మీటింగు పెట్టాం. పద్నాలుగు మంది వచ్చారు. ఆ తీర్మానం నాకు ఇప్పటికీ నోటికొచ్చు: "బాలికల మరుగుదొడ్లకు నీటి సరఫరా చేయు 1.5 హెచ్‌పీ మోటారు కాలిపోయినందున, 96 మంది బాలికలు ఇబ్బంది పడుచున్నందున, గ్రామ పంచాయతీ వారు ఆర్థిక సంఘం నిధుల నుండి మరమ్మతు చేయించవలసినదిగా కోరుతూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." సంతకాలయ్యాక ఆమె ఇంకు ప్యాడు పక్కన పెట్టి, చివరి వాక్యానికీ మొదటి సంతకానికీ మధ్య మిగిలిన నాలుగు లైన్ల ఖాళీ చూపించి, "ఇక్కడ గీత కొట్టండి, రేపెవరన్నా ఇంకోటి రాస్తారు" అంది. అడ్డంగా గీత కొట్టాను. ఒక కాపీ పంచాయతీ కార్యదర్శికిచ్చి, రెండో కాపీ మీద తేదీ వేయించి సంతకం తీసుకున్నాం. ఎనిమిదో రోజు వైండింగ్ చేయించిన మోటారు వచ్చింది. మూడువేల పైచిలుకు అయిందట.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం ఆడవాళ్లే. 22వ సెక్షన్ ప్రకారం బడికి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాల్సింది ఆ కమిటీయే. మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 8న కమిటీలకు ఎన్నికలు పెట్టింది అలంకారానికి కాదు. మీటింగు పెట్టమని హెచ్‌ఎం గారికి ఒక పేజీ రాసి ఇవ్వండి, కాపీ మీద తేదీ వేయించుకోండి. ఇంకోటి, 2025 జూన్‌లో తల్లికి వందనం కింద 15,000లో మీ చేతికి 13,000 వచ్చింది గదా. తగ్గించిన 2,000 బడి, మరుగుదొడ్ల నిర్వహణ పేరు మీదే తగ్గించారు. మన బడికి అందులో ఎంత వచ్చింది, దేనికి పెట్టారు అని మీటింగులో అడిగి, ఆ జవాబు పుస్తకంలో రాయించండి. హెచ్‌ఎం ముఖం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి. నేనూ మాడ్చుకున్నాను.

పదో తరగతి పరీక్ష ఫీజు అని మావాడి దగ్గర 500 తీసుకున్నారు. కరెక్టేనా?
– ఒక తండ్రి, కనిగిరి

రెగ్యులర్‌గా రాసేవాళ్లకు అన్ని సబ్జెక్టులకూ కలిపి 125 రూపాయలు. గడువు దాటితే 50, ఆ తర్వాత 200, చివరికి 500 అపరాధ రుసుము ఉంటుంది. గడువులోపల కట్టి ఉంటే మిగతాది దేనికో రసీదు అడగండి. మెమోలకు, జెరాక్సులకు అంటారు. రసీదు పుస్తకం మాత్రం బయటికి రాదు.

టెన్త్ రిజల్టులో 2018లో ప్రకాశం రాష్ట్రంలోనే ఫస్టు, మన నెల్లూరు లాస్టు. 2019లోనూ నెల్లూరే లాస్టు. మన టీచర్లు అంత చెప్పలేనివాళ్లా?
– ఒక డిగ్రీ విద్యార్థి, కావలి

ఆ రెండేళ్లూ ప్రకాశం స్టాఫ్‌రూముల్లో మేం కాలరెగరేసిన మాట నిజమే. 2018లో రాష్ట్రం 94.48 శాతం, ప్రకాశం 97.93, నెల్లూరు 80.37. మరుసటేడు నెల్లూరు 83.19. ఇప్పుడు 2022 చూడు నాయనా. మళ్లీ ప్రకాశమే ఫస్టు, కానీ ఎంతతో? 78.30తో. రాష్ట్రం 67.26. అంటే 2022లో ఫస్టు వచ్చిన జిల్లా మార్కు 2018లో లాస్టు వచ్చిన జిల్లా మార్కు కంటే తక్కువ. మధ్యలో మేం పాఠం చెప్పడం మర్చిపోయామా? లేదు. రెండేళ్లు కరోనాతో పరీక్షల్లేకుండా అందర్నీ పాస్ చేశారు. అంతకుముందే, 2019లో, బడిలో మేం వేసే 20 ఇంటర్నల్ మార్కులు ఎత్తేశారు. ఆ 20కి 19, 20 వేసే చేతుల్లో నాదీ ఒకటి. పిల్లాడు 80కి పదిహేనో పదహారో తెచ్చుకుంటే గట్టెక్కేవాడు. 2025లో రాష్ట్రం 81.14కి వచ్చింది. ఇందులో చదువెంత, పేపరెంత అని శాతం చెప్పదు.

శాతం కింద ఉండే అంకె చూడడం నేర్చుకో. ఆరో తరగతిలో 60 మంది చేరితే పదో తరగతి నామినల్ రోల్స్‌లో (పరీక్ష రాసేవాళ్ల జాబితా) 41 మంది ఉన్నారనుకో, మిగతా 19 మంది ఏ శాతంలోనూ లేరు. వలసపోయినవాళ్లు, వేరే బడికి పోయినవాళ్లు, బేల్దారి పనికి పోయినవాళ్లు. హాజరు పుస్తకాల్లో ఆ లెక్క ఉంటుంది, దేశంలోని బడుల లెక్కలుండే యూడైస్ వెబ్‌సైటులో బడి పేరుతో వెతికినా తరగతివారీ సంఖ్యలు దొరుకుతాయి. ఇక మీ ఊరి బడి ఎట్టుందో తెలియాలంటే ఎనిమిదో తరగతి పిల్లాణ్ని పిలిచి వంటగది గోడ మీద రాసిన భోజనం మెనూ చదవమను. పాఠం అయితే బట్టీ పట్టి ఉంటాడు. మెనూ ఎవరూ బట్టీ పట్టరు.

మా ఊరి ప్రైమరీ బడిలో 18 మంది పిల్లలు, ఒక్కరే టీచరు. ఆమె సెలవు పెట్టినా, మీటింగుకు పోయినా బడికి తాళం. చట్టం ఒప్పుతుందా?
– ఒక తాత, వెలిగండ్ల మండలం

విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు అని ఉంది. ప్రభుత్వం తన సర్దుబాటు ఉత్తర్వుల్లో పిల్లలు బాగా తక్కువున్న చోట ఒక్కరితో సరిపెడుతోంది. 2025లో ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు పెట్టి ఐదు తరగతులకూ ఐదుగుర్ని ఇచ్చారు. మంచి పనే. పిల్లలు ఎక్కువున్న ఊళ్లకు అది మేలు చేసింది. మీ ఊరు ఆ లెక్కలోకి రాదు.

తాళం పడకుండా చూడ్డానికి మాత్రం దారి ఉంది. ప్రతి క్లస్టరుకూ, అంటే కొన్ని బడుల గుంపుకు, సీఆర్‌ఎంటీలని తిరిగే టీచర్లు ఉంటారు. టీచరు సెలవు పెట్టిన బడికి పోవడం వాళ్ల పనుల్లో ఒకటి. టీచరమ్మ సెలవు ముందే తెలిస్తే ఆ కబురు ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు వెళ్లిందా లేదా కనుక్కోండి. తాళం పడిన తేదీలు మీ ఇంట్లో క్యాలెండరు మీద రాసి పెట్టండి. ఆమెను మాత్రం తిట్టకండి తాతా. ఐదు తరగతులు, హాజరు యాప్, గుడ్ల లెక్క, చిక్కీల లెక్క అన్నీ ఆమె ఒక్క ఫోన్లోనే ఉంటాయి. మీ ఊళ్లో సిగ్నలు వస్తుందా?