మైపాడు బీచిలో పెళ్ళి: మానుకోవాల్సింది సెలబ్రెంట్ ఖర్చు కాదు

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. నెల్లూరులో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను, జీతం 38,000. నేను చేసుకోబోయే అబ్బాయిది ఒంగోలు, జీతం 46,000. మేము హిందువులం, వాళ్ళు క్రైస్తవులు. రెండు ఇళ్ళలోనూ ఒప్పుకున్నారు. నవంబరులో మైపాడు బీచి దగ్గర రిసార్టులో 120 మంది మధ్య, మా కథ చెప్పి, మేం రాసుకున్న ప్రమాణాలు చేయించే సెలబ్రెంట్‌తో పెళ్ళి జరుపుకోవాలని ఉంది. ఆవిడ ఫీజు 60,000, రానుపోను ఖర్చులు 15,000. లాన్ 1,50,000, భోజనాలు 84,000, డెకరేషన్ 1,00,000, ఫోటోలు, వీడియో 1,20,000, బట్టలు 71,000. మొత్తం 6 లక్షలు. ఇది కాక అమ్మ తృప్తి కోసం నెల్లూరు కల్యాణ మండపంలో 4.5 లక్షలు, ఒంగోలు రిసెప్షన్‌కు 3.2 లక్షలు. మా దగ్గర ఎఫ్‌డీలు 5 లక్షలు, డిసెంబరుతో ముగిసే చీటీ 2 లక్షలు ఉన్నాయి. రిటైరైన టీచర్ మా నాన్న 4 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తానంటున్నారు. మిగతాది నేను 14 శాతానికి మూడేళ్ళ పర్సనల్ లోను తీసుకుందామనుకుంటున్నాను. సెలబ్రెంట్ ఖర్చు మానుకుంటే మంచిదని అందరూ అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: అమ్మా, మానుకోవద్దు. మీ లెక్క మొత్తం 13,70,000. అందులో సెలబ్రెంట్‌కు పోయేది 75,000. మిమ్మల్ని అప్పుల్లోకి దింపుతున్నది ఆవిడ కాదు, ఒకే పెళ్ళిని మూడుసార్లు చేయడం.

ముందు అప్పు సంగతి చూద్దాం. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. నాలుగు లక్షలకు నెలకు 8,000 వడ్డీయే పోతుంది, అసలు ఒక్క రూపాయి తగ్గదు. అది కట్టాల్సింది పెన్షన్ మీద బతికే మనిషి. మీ లోను 2,70,000కు ఈఎంఐ నెలకు సుమారు 9,230, మూడేళ్ళకు వడ్డీ దాదాపు 62,000. కొత్త కాపురానికి అద్దె, అడ్వాన్సు, సామాను అన్నీ ఎదురుగా ఉండగా ఈ బరువు ఎందుకు?

ఇక పెళ్ళి చెల్లుబాటు. డబ్బు వ్యవహారాలన్నీ దీని మీదే ఆధారపడతాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఆస్ట్రేలియాలో 1973 నుంచి ప్రభుత్వం గుర్తించిన సెలబ్రెంట్లు ఉన్నారు, వాళ్ళు జరిపిన పెళ్ళి చట్టప్రకారం పెళ్ళే. మన దేశంలో సెలబ్రెంట్‌కు ఆ అధికారం లేదు. పక్కనే తమిళనాడులో పురోహితుడు లేకుండా దండలు మార్చుకున్న హిందువుల పెళ్ళిని హిందూ వివాహ చట్టంలోని 7ఏ సెక్షన్ గుర్తిస్తుంది. అది ఆ రాష్ట్రం చేసుకున్న సవరణ, సరిహద్దు దాటి ఆంధ్రలోకి వస్తే వర్తించదు. పైగా మీ ఇద్దరివీ వేర్వేరు మతాలు. మీకు సరిపోయేది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం.

మీ ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో మ్యారేజ్ ఆఫీసర్‌కు నోటీసు ఇవ్వాలి. మీరు నెల్లూరులోనే ఉంటున్నారు కాబట్టి ఇబ్బంది లేదు. అభ్యంతరాలకు 30 రోజులు ఆగాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్ళి కాకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. పెళ్ళికి ముగ్గురు సాక్షులు కావాలి. ఈ చట్టంలో నాకు బాగా నచ్చినది 12వ సెక్షన్. ఆఫీసర్, సాక్షుల ఎదుట ఒకరినొకరు భర్తగా, భార్యగా స్వీకరిస్తున్నామని మీకు అర్థమయ్యే భాషలో చెప్పుకుంటే చాలు, వేడుక మీకు నచ్చిన పద్ధతిలో జరుపుకోవచ్చు. అదనపు ఫీజు కడితే ఆఫీసుకు సహేతుకమైన దూరంలో ఉన్న చోటుకు ఆఫీసర్ వచ్చే వీలు కూడా చట్టంలో ఉంది. మైపాడుకు వస్తారా అని నోటీసు ఇచ్చే రోజే అడగండి. కుదరకపోతే పొద్దున ఆఫీసులో సంతకాలు, సాయంత్రం బీచిలో వేడుక పెట్టుకోండి.

మీ చిక్కు విడిపోయేది కూడా ఇక్కడే. పద్ధతి మీ ఇష్టమైనప్పుడు అమ్మగారి జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అబ్బాయి వాళ్ళ ప్రార్థన, మీ ప్రమాణాలు ఒకే వేదిక మీద ఎందుకు ఉండకూడదు? వీటిని ఒక వరసలో అల్లి, ఏది ఎందుకు చేస్తున్నారో తెలుగులో రెండు వైపుల పెద్దలకూ చెప్పగలిగే మనిషి కావాలి. అది సెలబ్రెంట్ పనే. అప్పుడు నెల్లూరు మండపం, ఒంగోలు రిసెప్షన్ అక్కర్లేదు, అంటే ఆ ఫీజు మీకు 7,70,000 మిగులుస్తుంది. కాకపోతే ఆవిడ తెలుగులో ధారాళంగా మాట్లాడతారా, రాసింది ముందుగా చూపిస్తారా, రాలేకపోతే బదులు ఎవరు వస్తారు, అడ్వాన్సు ఎంత వెనక్కిస్తారు అనేవి కాగితం మీద రాయించుకోండి.

తేదీ మార్చమని గట్టిగా చెబుతాను. నవంబరంటే మన తీరానికి ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. ఆ నెలలో సముద్రం ఒడ్డున లాన్‌కు లక్షన్నర కట్టడం భయమే. సంక్రాంతి దాటాక పెట్టుకోండి. అప్పటికి వానలు తగ్గుతాయి. పుష్యమాసంలో ముహూర్తాలుండవు, రిసార్టులు, ఫోటోగ్రాఫర్లు ఖాళీగా ఉంటారు, బేరం ఆడొచ్చు. పుష్యంలో పెళ్ళేమిటని అమ్మగారు నొచ్చుకుంటే మాఘంలో ఒక పనిరోజు చూసుకోండి, అంతేగానీ నవంబరు వద్దు. జనవరి చివర అనుకుంటే నవంబరు మధ్యలో నోటీసు ఇస్తే సరిపోతుంది. చీటీ కూడా డిసెంబరులో పూర్తిగా చేతికొస్తుంది, మధ్యలో తగ్గించి పాడుకునే పని ఉండదు.

అతిథులను 250కి పెంచండి. మీరు చెప్పిన లెక్కన ప్లేటు 700 పడుతుంది, ఆ ధరకే భోజనాలు 1,75,000. లాన్, సెలబ్రెంట్, బట్టలు మీరు రాసినట్టే ఉంచాను. సముద్రమే ఎదురుగా ఉంటే డెకరేషన్‌కు 60,000 చాలు, ఫోటోలకు 80,000. మొత్తం 6,11,000. మీ ఏడు లక్షల్లో 89,000 మిగులుతుంది. అప్పటిదాకా ఇద్దరూ కలిసి నెలకు 20,000 ఆర్‌డీ కట్టండి, అది అత్యవసరాలకు. చదివింపులను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు. పెళ్ళి సందర్భంగా వధూవరులకు వచ్చే కానుకలకు ఆదాయపు పన్ను లేదు, తల్లిదండ్రుల పేరున వచ్చేవాటికి ఈ మినహాయింపు వర్తించదు. అందుకే చెక్కులు మీ పేర్లతోనే రాయమనండి. ఒకే వేడుకకు ఒక మనిషి నుంచి రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం. రిసార్టువాళ్ళకు లాన్, భోజనాలు కలిపి అంతకు మించుతుంది కాబట్టి బ్యాంకు ద్వారానే కట్టి బిల్లు తీసుకోండి.

పెళ్ళి సర్టిఫికెట్ రాగానే పీఎఫ్, ఇన్సూరెన్సు, బ్యాంకు ఖాతాల్లో నామినీలు మార్చుకోండి. మతాంతర వివాహం ఈ చట్టం కింద జరిగితే మీ ఆస్తికి వారసత్వం 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం నడుస్తుంది. పుట్టింటి ఆస్తిలో మీ హక్కు పోదు గానీ, ఉమ్మడి కుటుంబం నుంచి మీరు విడిపోయినట్టు లెక్క. నాన్నగారి పేరున పొలమో ఇల్లో ఉంటే ఒక లాయరుతో మాట్లాడండి, మీరిద్దరూ చెరొక వీలునామా రాసుకోండి. అన్నిటికంటే ముందు, నాన్నగారు ప్రోనోటు మీద సంతకం పెట్టకముందే ఈ లెక్క ఆయనకు చూపించండి.